బుల్లబ్బాయి మొగ

నెత్తళ్ళు ఒక పక్క ఆరాయి, రెండో పక్క ఇంకా మెత్తగానే ఉన్నాయి. చిన్నతల్లి పాత వల మీద పరిచిన చేపల్ని చీపురుకట్టతో మెల్లగా తిరగేస్తోంది. నడుం పట్టేసినప్పుడు లేచి నిలబడి, కొబ్బరిచెట్టు మీది కాకుల్ని నోరారా తిట్టి, మళ్ళీ వంగుతోంది. ఎండ ఇంకా ముదరలేదు. గాలి ఊరి వైపు నుంచి సముద్రం వైపు చల్లగా పోతోంది. మధ్యాహ్నం దాటాక ఇదే గాలి తిరగబడుతుంది. సముద్రం మీంచి ఇంటి వైపు కొట్టి, ఇసక తెచ్చి చేపల మీద పోస్తుంది. ఆ లోగా వీటిని ఎత్తి బుట్టలో పెట్టుకోవాలి. ఇసక కరకరలాడే నెత్తళ్ళు ఒకసారి కొన్నవాళ్ళు రెండోసారి ఆ తట్ట వైపు తొంగిచూడరు.

"ఏమే, మొగ ఎలా ఉంది?"

గుమ్మం లోపలి నుంచి వచ్చింది ఆ మాట. అందులో గాలి ఎక్కువ, గొంతు తక్కువ. రోజూ కళ్ళు విప్పగానే అతను అడిగే మొదటి మాట అదే. టీ సంగతీ, ఒంటినొప్పుల సంగతీ ఆ తరవాతే.

"లోతుగానే ఉంది మావా. నీళ్ళు నల్లగా ఉన్నాయి."

"కొంగలో?"

"ఒక్కటీ లేదు."

కొంగలు ఉన్నాయి. మొగకి సరిగ్గా నడిమధ్యలో, మోకాళ్ళయినా తడవకుండా, సొంత పెరట్లో నిలబడ్డట్టు నిలబడి ఉన్నాయి. మొగ మధ్యలో కొంగ నిలబడిందంటే అక్కడ నీళ్ళు లేనట్టే. ఈ మాట ఆమెకి నేర్పింది అతనే. మంచం దిగలేని మనిషికి పొద్దున్నే ఆ కబురు చెప్పడం ఎందుకని చిన్నతల్లి కొన్నాళ్ళుగా రోజూ కొంగల్ని తోలేస్తోంది, మాటల్తోనే.

అంతర్వేదికి తూర్పున, కొబ్బరితోటల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ వచ్చే ఒక చిన్న పాయ, పొలాల మురుగునీళ్ళూ రొయ్యల చెరువుల నీళ్ళూ కలుపుకుని ఈ పల్లె దగ్గర సముద్రంలో పడుతుంది. ఆ పాయకీ సముద్రానికీ మధ్యనున్న నోటినే మొగ అంటారు. వేసవికి ఇసక మేట వేసి మూసుకుంటుంది, వరదలకి తెరుచుకుంటుంది. ఒక ఏడు ఉన్నచోట మరో ఏడు ఉండదు. చిన్నతల్లి మొగుడు బతుకంతా ఆ మొగ దగ్గరే నిలబడ్డాడు. ఒక వెదురు గెడ పట్టుకుని నీళ్ళలో దిగి, ఎక్కడ లోతుందో పొడిచి చూసి, అక్కడ గెడ పాతి, వచ్చే పడవలకి దారి చూపించేవాడు. గెడ చివర చిన్నతల్లి పాతచీర గుడ్డ ఒకటి కట్టేవాడు. "ఎడంకి తియ్యి! ఇంకా ఎడంకి! అదీ!" అని అతను అక్కడ అరుస్తుంటే, మధ్యాహ్నపు గాలికి ఒక్కొక్క మాటా ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్న ఆమెకి వినబడేది. పొద్దుటి గాలికైతే ఎంత గొంతు చించుకున్నా ఒక్క ముక్క వచ్చేది కాదు. పడవకి ఒక దోసెడు చేపలు అతని జీతం. ఇప్పుడు పెద్ద బోట్లన్నీ అంతర్వేది దగ్గర గోదారి నోటినుంచే పోతున్నాయి. ఈ మొగని నమ్ముకున్నవి రెండు మూడు చిన్న పడవలు. గెడ చూరులో దోపి ఉంది.

ఇంతకీ అతని పేరు చెప్పలేదు. చిన్నతల్లి వెంట నడిచే కథ కాబట్టి చెప్పడానికి నాక్కూడా నోరు రావడం లేదు. కానీ నాకు ఆ పట్టింపు లేదు, చెప్పేస్తాను: అతని పేరు బుల్లబ్బాయి.

మొగుడి పేరు పలకకూడదు. ఆ కాలపు ఆడవాళ్ళందరికీ ఉన్న పట్టింపే అది, చిన్నతల్లికి మరీ ఎక్కువ. రేషను డిపోలో "భర్త పేరు?" అని అడిగితే వెనక నిలబడ్డవాళ్ళ వైపు తిరిగి "కాస్త చెప్పండమ్మా" అనేది. అంతర్వేది గుళ్ళో అర్చన చేయించేటప్పుడు గోత్రం చెప్పి ఆగిపోతే, పూజారి చలపతిగారు తానే అందుకుని మొగుడి పేరు చెప్పేసేవారు. కోనసీమలో ఏ వీధిలో చూసినా ఒక బుల్లబ్బాయి ఉంటాడు, ఆమె కష్టం అంతా ఇంతా కాదు. ఊళ్ళో కిరాణా కొట్టు బుల్లబ్బాయి ఆమెకి "కొట్టాయన", మరిది కొడుకు బుల్లబ్బాయి "మా మరిదిగారి రెండోవాడు". పోయినేడు రాజోలు ఆస్పత్రిలో నర్సు "ఈయన పేరేంటమ్మా?" అంటే మంచం వైపు చూపించింది. అంత ఆయాసంలోనూ ఆ మనిషి నోరు బిగించుకుని నవ్వుతూ పడుకున్నాడు, ఇప్పుడైనా పలుకుతుందేమోనని. నర్సు ఇద్దర్నీ కలిపి చివాట్లు పెట్టింది.

అతనికి అదొక్కటే కోరిక. పెళ్ళినాడు ఇదే గుమ్మంలో ఆడపడుచు అడ్డంగా చేతులు చాపి, "ఫలానా ఆయనతో వచ్చేనని పేరు చెప్పు, అప్పుడు లోపలికి రానిస్తాం" అంది. ఎంత మొండి పెళ్ళికూతురైనా ఆ ఒక్క పూటా పేరు చెప్పాల్సిందే, అది ఆనవాయితీ. చిన్నతల్లి తల ఎత్తలేదు, నోరు విప్పలేదు. అమ్మలక్కలు బతిమాలారు, వేళాకోళం చేశారు, గిల్లారు. చివరికి పొయ్యి మీద పులిహోర అన్నం మాడువాసన వచ్చి అందరూ అటు పరిగెత్తితే, ఆ సందులో ఆమె లోపలికి దూరిపోయింది. బుల్లబ్బాయి అది ఈనాటికీ మరిచిపోలేదు. కోపం వచ్చినా ముద్దు వచ్చినా ఒకటే మాట అంటాడు.

"నువ్వింకా గుమ్మం బయటే ఉన్నావే."

ఆమె మొండితనం వెనక ఒక భయం ఉంది. చిన్నప్పుడు గాలివాన ముందు వేటకెళ్ళిన నాన్న పడవ తిరిగి రాకపోతే, వాళ్ళమ్మ ఒడ్డున నిలబడి, కట్టుబాటు మరిచిపోయి, నాన్నని పేరుపెట్టి కేకలేసింది. ఒకటికి పదిసార్లు. నాన్న రాలేదు. పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని అంతకుముందు అమ్మమ్మ చెబితే నవ్వేది చిన్నతల్లి. ఆ రోజు నుంచి నవ్వలేదు.

బుల్లబ్బాయికి వేణ్ణీళ్ళతో ముఖం తుడిచి, గంజి పట్టించింది. ఒకప్పుడు పడవని ఒక్కడే ఇసక మీదకి లాగిన భుజాలు అవి. ఇప్పుడు చొక్కా కొయ్యకి తగిలించినట్టుంది. కాళ్ళు మాత్రం నీరు పట్టి, నున్నగా మెరుస్తున్నాయి. రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కకి తోసి, ఊపిరి కోసం ఆగాడు. ఆ ఊపిరి వచ్చేదాకా చిన్నతల్లి తన ఊపిరి కూడా పట్టుకుని కూర్చుంది. ఇది ఆమెకి ఈ మధ్య అలవాటయింది.

ఇసకలో స్కూటీ నడవక, దాన్ని రోడ్డు మీదే వదిలేసి, ఒక అమ్మాయి నడుచుకుంటూ వచ్చింది. భుజాన పొడవాటి కడ్డీ, చేతిలో ట్యాబు, సంచీలో కాగితాలు.

"మామ్మగారండీ, చిన్నతల్లిగారంటే మీరేనాండి?"

"ఆయ్, నేనేనండి."

"నేను సచివాలయం సర్వేయర్నండి. లక్ష్మీతులసి. భూముల కొలతలు మళ్ళీ వేస్తున్నాం కదండీ, మీ మొగ పేరు దగ్గర చిక్కొచ్చింది. మీరే తీర్చాలి."

ఆ చిక్కు ఏమిటో చిన్నతల్లికి తెలుసు.

తులసి గుమ్మంలో పీట మీద కూర్చుని సంచీలోంచి ఒక నకలు తీసింది. అది ఎప్పటిదో తెల్లదొరల నాటి సర్వే వర్ణన. మంచం మీద మనిషికి కూడా వినబడేలా చదివింది:

"ఈ గ్రామమునకు దక్షిణపు హద్దు సముద్రము. ఆగ్నేయ మూలను ఒక చిన్న పాయ సముద్రమున బడుచున్నది. దీని మొగ వేసవియందు ఇసుకచే పూడును, వరదలకు మరల తెరచుకొనును. పోటువేళ చిన్న నావలు మాత్రమే లోనికి రాగలవు. ఒక వరదయందు పల్లెయంతయు నీట మునుగగా, బుల్లబ్బాయి యను పల్లెవాడు పారతో ఇసుకను త్రవ్వి మొగను తెరచెనట. అందుచే చుట్టుపట్ల జనులు దీనిని బుల్లబ్బాయి మొగ యందురు."

మంచం కిర్రుమంది. బుల్లబ్బాయి మోచేతి మీద లేవబోయి, లేవలేక, తల మాత్రం ఎత్తాడు.

"మా తాతేనమ్మా ఆయన. ఆయన పేరే నాకెట్టేరు. ఇంకోసారి చదవ్వా?"

తులసి ఇంకోసారి చదివింది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. "పారతో" అన్నచోట తల ఊపాడు. తాత చేతి పార చాలాకాలం ఆ ఇంట్లోనే ఉండేది, కర్ర పుచ్చిపోయేదాకా.

"ఇదేమో నలభై ఏళ్ళ కిందటిదండి," అని రెండో కాగితం తీసింది తులసి. "ఇందులో 'మమత మొగ' అని ఉంది. చెప్పినవారు చిన్నతల్లి అని కూడా రాసుకున్నారు. ఫోన్లో మ్యాపులో కూడా ఇప్పుడు మమత మొగే వస్తోందండి. మమత ఎవరండీ, అమ్మవారా?"

బుల్లబ్బాయికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమయింది. చిన్నతల్లి వీపు రాస్తూ, తల వంచుకునే చెప్పింది.

"అమ్మవారూ కాదు, ఏం కాదండి. మా అమ్మాయి. తాటిపాకలో టిఫిను బండి పెట్టుకుంది."

జరిగింది ఇదీ. ఆ రోజు బుల్లబ్బాయితో సహా మగాళ్ళంతా వేటకి పోయారు. మమత చంటిపిల్ల. గొలుసులూ గొడుగులూ పట్టుకుని సర్వే వాళ్ళు వచ్చి, గుమ్మంలో పిల్లని ఎత్తుకుని నిలబడ్డ చిన్నతల్లిని "ఈ మొగ పేరేంటమ్మా?" అని అడిగారు. మొగ పేరు చెప్పాలంటే మొగుడి పేరు చెప్పాలి. "మా మమతోళ్ళ నాన్న పేరేనండి" అంది. మొగుణ్ణి బిడ్డ పేరుతో చెప్పుకోవడం ఎవరికైనా తెలిసిన పద్ధతే. వచ్చిన గుమాస్తాకి ఎండ, దాహం. "ఆ నాన్న పేరే చెప్పమ్మా" అన్నాడు. ఆమె చెప్పదు. "పోనీ, మమత మొగ అని రాసుకోమంటావా?" అన్నాడు విసుగ్గా. ఆ మనిషి వెళ్ళిపోతే చాలని ఆమె తల ఊపేసింది. సాయంత్రం విని బుల్లబ్బాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. తరవాత చాలా రోజులు సరిగా మాట్లాడలేదు. మా తాత తవ్విన మొగని పొత్తిళ్ళలో పిల్లకి రాసిచ్చేసేవు, అనేవాడు. కసురుకున్నట్టుండేది కానీ, అందులో నొప్పి ఉందని ఆమెకి తెలిసేది.

"కొత్త మ్యాపులో ఒకటే పేరుండాలండి," అంది తులసి. "అప్పుడు చెప్పినవాళ్ళు ఉంటే వాళ్ళనే మొగ దగ్గర నిలబెట్టి, నోటితో చెప్పించి వీడియో తియ్యమన్నారు. లేకపోతే వెనకటిది పోయి మమత మొగే ఖాయమైపోద్దండి."

"నేను చెప్తానమ్మా," అన్నాడు బుల్లబ్బాయి.

"మీరు మొగ దాకా రాగలరా తాతగారూ?"

అతను తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"ఇందాక మీరు చదివేరు కదా, అదే నిజమని రాసుకోండమ్మా," అంది చిన్నతల్లి. "నేను తలూపుతాను. ఫొటో తీసుకోండి."

"ఈసారి తలూపితే చాలదండి మామ్మగారూ," అని తులసి మెత్తగా నవ్వింది. "పోయినసారి తలూపినందుకే కదండీ ఇదంతా. నేను తూర్పు హద్దు రాళ్ళు చూసుకుని వస్తాను. మధ్యాహ్నం ఆటుకి నీళ్ళు తీసేక మొగ దగ్గర నిలబడ్డానికి వీలవుద్ది. అప్పటికి ఆలోచించుకోండి."

ఆ పిల్ల వెళ్ళాక ఇంట్లో ఆయాసం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చిన్నతల్లి గబగబా బయటికొచ్చి, ఆరీ ఆరని నెత్తళ్ళని మళ్ళీ తిరగేసింది. తిరగేసినవే తిరగేసింది. చెయ్యి పనిలో ఉంటే ఆలోచన రాదనుకుంది. వచ్చింది. అమ్మ ఒడ్డున నిలబడి కొంగు జారిపోయినా చూసుకోకుండా అరవడం కళ్ళకి కట్టింది.

పక్కింటి ఎలీసమ్మ తన చేపల దగ్గర కూర్చుని ఉంది. మొగ దగ్గర మిగిలిన ఇళ్ళలో అదొకటి. తక్కినవాళ్ళు సముద్రం కోతకి భయపడి లోపలికి వెళ్ళిపోయారు. ఎలీసమ్మకి చెవుడు, అంచేత చిన్నతల్లి తన గోడు మొత్తం ఊరంతటికీ వినబడేలా చెప్పుకోవలసొచ్చింది.

"పేరు పలికితే పోతారా!" అంది ఎలీసమ్మ అంతా విని. "మా ఏసురత్నాన్ని రోజంతా పేరెట్టే పిలిచేదాన్ని, పేరెట్టే తిట్టేదాన్ని. ఎనభై ఏళ్ళు బతికి నా పీకల మీద కూచున్నాడు. పలకవే, ఏం కాదు."

మీ దేవుడు వేరు, అందామనుకుని ఊరుకుంది చిన్నతల్లి. మమతకి ఫోన్ చేసింది. బండి దగ్గర గిన్నెల చప్పుడు, గ్యాసు ప్లాంటులో పనిచేసే కుర్రాళ్ళ కేకలు.

"నా పేరు మీద సముద్రపు మూల ఒకటుందని ఇన్నాళ్ళూ గొప్పలు చెప్పుకున్నానమ్మా," అంది మమత. "పోతే పోనీ. నాన్న పేరే చెప్పెయ్యి. ఆయాసం ఎలా ఉంది?"

"అలాగే ఉంది."

"అలాగే అంటే?"

చిన్నతల్లి బుట్ట ముందుకి లాక్కుంది. మమత సాయంత్రం బస్సుకి వచ్చేస్తానంది.

నెత్తళ్ళు బుట్టలకెత్తింది. నాలుగు పచ్చిచేపలుంటే చింతపండు పోసి పులుసు పెట్టింది. అతనికి ఇష్టమని ములక్కాడ కూడా వేసింది. అన్నంలో పులుసు కలిపి మెత్తగా పిసికి నోటికందిస్తే, ఒక్క ముద్ద తిన్నాడు. రెండో ముద్దకి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వెళ్తున్నావా?"

"లేదు మావా. నా వల్ల కాదు."

"ఎందుకే?"

"మా అమ్మ పిలిచింది కదా. మా నాన్న వచ్చేడా?" అందామె. "నాకున్నది నువ్వొక్కడివి. మొగ పేరు ఏదైతే నాకేం? మమత మొగే అననీ. అసలది ఇయ్యేడో వచ్చేయేడో పూడిపోద్ది. పూడిపోయేదానికి నీ ఊపిరి పెట్టమంటావా?"

చెప్పకూడని మాట చెప్పేసిందని అప్పుడు తెలిసింది. బుల్లబ్బాయి ఆమె ముఖంలోకి చూశాడు.

"కొంగలున్నాయన్నమాట," అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. అతను చాలాసేపు ఊపిరి పోగేసుకుని, ముక్కలు ముక్కలుగా మాట్లాడాడు.

"మీ నాన్న... అప్పటికే పోయేడే చిన్నతల్లీ. గాలివానలో పోయేడు. మీ అమ్మ గొంతుకి పోలేదు." ఆగాడు. "ఏమో, ఆఖర్న... ఆ గొంతు ఆయనకి వినబడిందేమో. అదేం తక్కువా?"

ఆ మాట ఆమెకి ఎన్నడూ తట్టలేదు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నా పేరు పలక్కుండా... ఇంతదూరం లాక్కొచ్చేవు నన్ను. నాకు ఊపిరాడ్డం లేదు. ఇంక తాడు వదిలెయ్యే." మళ్ళీ ఆగి, కొంచెం నవ్వాడు. "మా తాత మొగ. అది పూడిపోతే పోనీ. ఉండేదని ఒక పేరైనా ఉండాలి కదా. ఒక్కసారి చెప్పి రా. గెడ తీసుకెళ్ళు. గుడ్డ కట్టు, లేకపోతే కనబడదు."

ఆ ఇంట్లో ఏ పనైనా చివరికి అతను చెప్పినట్టు జరిగేది కాదు, ఆమె అనుకున్నట్టే జరిగేది. ఈ ఒక్కసారి అతని మాటకి ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. అతని మూతి తుడిచింది. తలకింద దిండు ఎత్తు చేసి, తలని గుమ్మం వైపు సర్దింది. చూరులోంచి గెడ తీసింది. చేతి చెమటకి నున్నబడి, పట్టుకునేచోట రంగు మారిన గెడ. బుట్టల మీద కప్పే పాత ఆకుపచ్చ చీర అంచు చించి చివర ముడేసింది. ఎలీసమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, కాస్త చూస్తుండమని అరిచి, గట్టెక్కింది.

అప్పటికి నీళ్ళు తీశాయి. మొగ మధ్యలో ఇసక నాలిక చాచింది. కొంగలు దాని మీద వరసగా నిలబడి ఉన్నాయి. తులసి ఒడ్డున కడ్డీ నిలబెట్టి చూసుకుంటోంది. ఒక పక్కన సన్నగా, ఇంకా నల్లగా పారుతున్న నీటిపాయ ఉంటే చిన్నతల్లి అందులో దిగి గెడతో పొడిచింది. గెడతో పాటు చెయ్యీ మోచేతి దాకా మునిగింది. లోతు ఉంది. కాస్త ఉంది. అక్కడే, ఒడ్డుకి ఆనించి, గెడ పాతింది. అతను పాతినట్టే రెండుసార్లు ఊపి చూసి మరీ పాతింది.

"ఇటు చూసి చెప్పండి మామ్మగారూ," అని తులసి ట్యాబు ఎత్తింది. "మీ పేరు చెప్పి, ఈ మొగ పేరు చెప్పండి."

"నా పేరు చిన్నతల్లండి." అక్కడ ఆగింది. పెళ్ళినాటి గుమ్మం, ఆడపడుచు చాపిన చేతులు, తల వంచుకుంటే కనబడిన పసుపు కాళ్ళూ గుర్తొచ్చాయి. ఆ కాళ్ళ పక్కన ఇంకో రెండు కాళ్ళు ఉన్నాయి, నల్లగా, వేళ్ళు ఎడంగా, ఆత్రంగా. ఆ రోజు ఆ పక్కన నిలబడ్డ కుర్రాడు ఎంత ఎదురుచూసి ఉంటాడో ఇన్నేళ్ళకి ఆమెకి తెలిసొచ్చింది. ఎంత పిసినారితనం చేశాను, అనుకుంది. ఒక్క మాట కదా.

"ఈ మొగ పేరు... బుల్లబ్బాయి మొగండి."

"గాలికి సరిగ్గా రాలేదండీ. కొంచెం గట్టిగా చెప్పగలరా?"

గాలి. చిన్నతల్లి అప్పుడు గమనించింది. గాలి వీపు మీద కొడుతోంది. సముద్రం వైపు వీపు పెట్టి, ఇంటి వైపు ముఖం పెట్టి నిలబడి ఉంది తను. ఊపిరి నిండా తీసుకుంది. మొగ దగ్గర అతను ఎలా అరిచేవాడో అలా, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, ట్యాబునీ ఆ పిల్లనీ మరిచిపోయి కేకేసింది.

"బుల్లబ్బాయి మొగ! బుల్లబ్బాయి! బుల్లబ్బాయీ!"

కొంగలు బెదిరి ఒక్కసారిగా లేచిపోయాయి. తులసి ట్యాబు దించి, చాలండి మామ్మగారూ, అంది. చిన్నతల్లికి వినబడలేదు. ఇంకోసారి కూడా పిలిచింది. ఆ పేరు నోట్లో కొత్తగా, తీయగా ఉంది. పలకడానికి ఏమీ కష్టంగా లేదు. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఆ పిలుపులో పోతుంటే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

తిరిగి వస్తూ ఇసకలో పడుచుపిల్లలా పరుగెత్తింది. చెప్పడానికి చాలా ఉన్నాయి. చెప్పేసేను మావా, అనాలి. విన్నావా, అని అడగాలి. ఇప్పుడు మొగలో ఒక్క కొంగా లేదు, నిజంగానే లేదు, అని చెప్పాలి. ఎప్పుడూ లేనిది ఇవాళ ఒక నిజం కబురు తీసుకెళ్తోంది.

గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

బుల్లబ్బాయి తల గుమ్మం వైపే ఉంది. కానీ ఆమె వెళ్ళేటప్పుడే అలా సర్దింది కాబట్టి దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. పెదాల చివర ఏదో ఉంది. అది నవ్వో, ఆఖరి ఊపిరి వదిలిన గుర్తో. ఇంట్లో ఆయాసం చప్పుడు లేదు. కొన్ని నెలలుగా పగలూ రాత్రీ ఆ ఇంటిని పట్టుకున్న చప్పుడు అది. అది ఆగిపోతే ఇల్లు ఎంత పెద్దదిగా ఉందో తెలిసింది.

"ఇందాకే కాసిని నీళ్ళడిగేడు, పోసేను," అంది ఎలీసమ్మ వెనకనుంచి. "పడుకున్నాడు."

"ఏమన్నా విన్నాడా?" అని చిన్నతల్లి అరిచింది. "నా కేక వినబడిందా?"

"నాకా?" అంది ఎలీసమ్మ. "నాకేం వినబడద్దే?"

చిన్నతల్లి గుమ్మం పట్టుకుంది. తను పలికింది కాబట్టి పోయాడా? పలికింది విని పోయాడా? వినకుండానే పోయాడా? అడగడానికి ఉన్న ఒక్క మనిషీ ఆ మంచం మీదే ఉన్నాడు. ఆమెకి అమ్మ మీద ఇన్నేళ్ళుగా ఉన్న కోపం ఆ నిమిషంలో పోయింది. అమ్మ ఎందుకు అరిచిందో ఇప్పుడు తెలిసింది. ఆయుష్షు గురించి ఆలోచించే గొంతు కాదు అది.

కొంగు భుజాల నిండా కప్పుకుంది. తల వంచుకుని, అడ్డం నిలబడ్డవాళ్ళెవరూ లేని ఆ గుమ్మంలో మెల్లగా, స్పష్టంగా చెప్పింది.

"నేను చిన్నతల్లిని. బుల్లబ్బాయితో వచ్చేను."

అప్పుడు కుడికాలు లోపల పెట్టింది.

పొద్దు వాలేసరికి బస్సు దిగి మమత వచ్చింది. లోపలి పల్లె నుంచి జనం వచ్చారు. అరిచేవాళ్ళు అరిచారు, ఊరుకోబెట్టేవాళ్ళు ఊరుకోబెట్టారు. తండ్రి చేతిలో ఉండే గెడ ఏదని మమత చూరు తడిమింది, ఆయనతో పాటు పెడదామని. అప్పుడు గుర్తొచ్చి చిన్నతల్లి లేచి గట్టు మీదకి వెళ్ళి చూసింది.

పోటు మొదలైంది. ఇసక నాలిక మునిగిపోయి మొగ నిండా నీళ్ళున్నాయి. పాతినచోటే గెడ నిలబడి ఉంది. దాని చివర ఆకుపచ్చ గుడ్డ సముద్రపు గాలికి ఇంటి వైపే చాచుకుని ఎగురుతోంది.